పదకొండు మందికి ఒకే పాస్‌వర్డ్

మా పుస్తకం ఇంకా ప్రెస్సుకే పోలేదు, అశోక్ నగర్ జిరాక్స్ షాపుల్లో అప్పటికే అమ్ముతున్నారు. ఆ కబురు మోసుకొచ్చింది మా బైండరు. 2011 ఎండాకాలం. మెట్లెక్కి చెమటలు కక్కుతూ వచ్చి, చేతిలో ఉన్న స్పైరల్ బైండింగ్ పుస్తకాన్ని నా కీబోర్డు మీద పెట్టాడు.

"అక్కా, ఇది మనదే కదా? అన్ని షాపుల్ల ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎవ్వరు చెప్తలేరు."

కవరు మాది కాదు. లోపల ప్రతి పేజీ నాదే. తొమ్మిది నెలలు కూర్చుని కొట్టిన పేజీలు. ఏ పేరా ఎక్కడ విడగొట్టానో, ఏ పట్టికకు గీతలు మందంగా పెట్టానో నాకు తెలియదా? అక్షరాలు నల్లగా, కొత్త నోటులా ఉన్నాయి; ప్రూఫు కాగితానికి జిరాక్స్ తీస్తే అంత నల్లగా రావు. అది కూడా చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ రోజు ఇంకొక్క నిమిషం ఆలోచించి ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

అప్పటికి నేను అక్కడ డీటీపీ ఆపరేటరుగా చేరి ఎనిమిదేళ్ళు. చిక్కడపల్లిలో లైబ్రరీకి దగ్గరగా ఒక సందులో, పాత ఇంటి మొదటి అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని, మా ఓనరు గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు వేసేవారు. ఆయన ఒకప్పుడు జూనియర్ కాలేజీ లెక్చరరు. అది మానేసి, పొద్దున కోచింగ్ సెంటర్లలో క్లాసులు చెప్పి, మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి రాసుకునేవారు. ఆయన రాసింది నేను కంపోజ్ చేసేదాన్ని. ఆయన భార్య, మేము మేడం అనేవాళ్ళం, స్టాకు చూసుకునేది. ప్రూఫులు దిద్దడానికి పంతులుగారు వచ్చేవారు. ఆఫీసంటే మేం నలుగురమే.

పంతులుగారు జనగామ వైపు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నారాయణగూడ మార్కెట్ వెనక ఒక చిన్న పోర్షన్‌లో భార్యతో ఉండేవారు. మా ఆఫీసు కాకుండా అక్కడి రెండు ప్రెస్సులకు కూడా ప్రూఫులు చూసేవారు. కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ పలకరించినట్టు చదివేవారు. తప్పు దొరికితే కోప్పడేవారు కాదు.

"బిడ్డా, ఈ ఒత్తు ఎవరింట్ల మర్చిపోయి వచ్చినవే?" అనేవారు.

నేను ఇంటర్ వరకు ఇంగ్లీషు మీడియం. నాకొచ్చిన తెలుగంతా ఆయన ఎర్ర పెన్నుతో గీసిన గీతల్లోంచి వచ్చిందే. ఆఫీసులో ఫ్యాను చప్పుడుకు, ఫోన్ల గోలకు మనసు నిలవదని ఆయన ప్రూఫులు ఇంటికి తీసుకుపోయేవారు. రెండో రోజు పొద్దున్నే సంచిలో పెట్టుకుని తెచ్చేవారు.

ఇక మెయిల్ సంగతి చెప్పాలి. 2009 చివరి నుంచి ఊళ్ళో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం. వారానికో బంద్. మా ఇల్లు నల్లకుంటలో. అక్కణ్ణుంచి చిక్కడపల్లికి నడిచి రావడమే గగనంగా ఉండేది. పేజీలు తయారయ్యాక సీడీలో వేసుకుని నారాయణగూడలోని ప్రెస్సులో ఇచ్చి రావడం కూడా నా పనే. ఒకరోజు సగం దారిలో టియర్ గ్యాస్ పొగ కళ్ళలోకి కొట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగొచ్చాను. మా ఓనరు అది చూసి, "ఇంక ఈ తిరుగుడు వద్దు" అని ఆఫీసు పేరు మీద ఒక మెయిల్ తెరిపించారు. తెరిచి ఇచ్చింది మేడం చెల్లెలు. నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేది.

పాస్‌వర్డ్ మా ఓనరు సెల్ నంబరు. ఆయన నంబరు తెలియనివాళ్ళు మా దందాలో ఎవరూ లేరు.

మొదట ప్రెస్సులో ఉన్న ఆపరేటరుకు చెప్పాం. అతని సొంత మెయిల్‌కు పెద్ద ఫైళ్ళు పోయేవి కావు. "నువ్వే మా మెయిల్ తెరిచి తీసుకో అన్నా, రాసుకో" అని నేనే ఫోన్‌లో ఒక్కో అంకె చదివాను. తర్వాత కవర్ల కొలతల కోసం బైండరుకు చెప్పాం. తర్వాత వరంగల్, కరీంనగర్, నల్లగొండ బుక్‌స్టాళ్ళ వాళ్ళకు. బొమ్మలు వేసే అతనికి. అందరం ఒకే డబ్బాలో చేతులు పెట్టి ఎవరిది వాళ్ళం తీసుకునేవాళ్ళం. నేనైతే ఇంకో తెలివైన పని కూడా చేశాను. అంతకుముందు ఒకసారి వైరస్ వచ్చి రెండు చాప్టర్లు మింగేసింది. మళ్ళీ అట్లా కావద్దని, రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు ఆ రోజు కొట్టింది కొట్టినట్టే మా మెయిల్‌కే పంపి దాచేదాన్ని.

మేడం చెల్లెలు ఒకసారి చూసి పోవడానికి వచ్చినప్పుడు మా ఓనరుతో అంది: "బావా, ఒక్కొక్కరికి ఒక మెయిల్ పెట్టుకోమను. అందరికి ఒక్కటే అంటే ఎట్ల? ఎవరన్న పని మానేస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చాలె."

మా ఓనరు నవ్వారు. "మనదేమన్న బ్యాంకా? మన దగ్గర దోచుకపోవడానికి ఏమున్నయి, కామాలు, ఫుల్‌స్టాప్‌లా?"

మేమందరం నవ్వాం. పంతులుగారు కూడా.

*

ఆ స్పైరల్ పుస్తకాన్ని మా ఓనరు చాలాసేపు తిప్పి చూశారు. ఎండలో వచ్చారేమో, మొహం అప్పటికే ఎర్రగా ఉంది. తలుపు దగ్గరికి వేయమన్నారు. గదిలో ఆయన, మేడం, నేను.

"ఆఫీసుల నుంచి కాయితాలు బయటికి తీస్కపోయేది ఎవరు?"

అడిగింది నన్ను. ఆ పేజీలు కొట్టింది నేను. ఫైళ్ళు ఉన్నది నా కంప్యూటర్‌లో. అనుమానం మొదట నా మీదికి రావాలి. మా ఆయన పనిచేసే కంపెనీ ఆ యేడే మూతపడింది. ఇద్దరు పిల్లల చదువు నా జీతం మీద నడుస్తోంది. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటున్న కారణాలు. అప్పుడైతే నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పంతులుగారు తీస్కపోతరు సార్."

అది అబద్ధం కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో మాట కలిపాను.

"మొన్న ఒక ఫారం రెండు రోజులు లేటుగా కూడ తెచ్చిన్రు."

ఫారం అంటే పదహారు పేజీలు. మా ఓనరు, మేడం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఏదో తేలికపడినట్టు కనిపించింది. నాకూ తేలికపడింది. ఆ తేలికదనాన్ని నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

మర్నాడు పొద్దున పంతులుగారు సంచితో వచ్చారు. కూర్చోకముందే మా ఓనరు అన్నారు:

"పంతులుగారూ, రేపటి సంది మీరు రావద్దు."

"ఏమైంది సార్?"

మా ఓనరు ఆ పుస్తకం ఆయన ముందుకు తోశారు. "మీకు తెల్వదా?"

పంతులుగారు పుస్తకం తీసి, అలవాటుగా కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. ఒక పేజీ చదివారు. ఇంకోటి చదివారు. ఆయన్ని దొంగ అంటున్నారని అప్పటికి ఇంకా అర్థం కాలేదు.

"ఇందుల తప్పులు తప్పుల్లెక్కనే ఉన్నయి సార్. నేను దిద్దినయి ఒక్కటి లేవు."

"దిద్దకముందే జిరాక్స్ తీయించి ఉంటరు."

అప్పుడు అర్థమైంది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగారు.

"బిడ్డా, నువ్వన్న చెప్పు."

నేను స్క్రీను చూస్తూ కూర్చున్నాను. స్క్రీను మీద ఏముందో ఇప్పుడు గుర్తులేదు. ఆయన సంచిలోంచి ఆ రోజు తెచ్చిన ప్రూఫులు తీసి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టారు. ఆఫీసు ఇచ్చిన ఎర్ర పెన్ను కూడా వాటి మీద పెట్టారు. మెట్లు నెమ్మదిగా దిగే చప్పుడు చివరి మెట్టు దాకా వినిపించింది.

నారాయణగూడ ప్రెస్సుల్లో కబుర్లు పాకడానికి ఎంతసేపు? మా ఓనరు ఒక్కరికే చెప్పారు. "ఆయన కాయితాలు అమ్ముకుంటడట" అని వారంలో అందరికీ తెలిసింది. పంతులుగారికి పని ఇచ్చే ఆ రెండు ప్రెస్సులూ ఇవ్వడం మానేశాయి. ఆ మాట నా చెవిన పడ్డప్పుడు నేను నాకు నచ్చచెప్పుకున్నాను: నిజంగా తప్పు చేయనివారైతే వచ్చి కొట్లాడేవారు కదా అని.

*

మా పుస్తకం ఆలస్యంగా వచ్చింది, సగం కూడా అమ్ముడుపోలేదు. తర్వాతి యేడు ఎకానమీ పుస్తకం మొదలుపెట్టాం. ఈసారి గట్టి కాపలా. తలుపుకు ఇంకో తాళం, బీరువాకు ఇంకో తాళం. కాగితం ముక్క గది దాటకూడదు. పనికిరాని ప్రింట్లు కూడా మేడం చింపి సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేది. ప్రూఫులు మా ఓనరే చూసుకున్నారు. తప్పులు చాలా మిగిలాయి, అది వేరే సంగతి.

మెయిల్ మాత్రం ఎప్పటి మెయిలే. పాస్‌వర్డ్ ఎప్పటి నంబరే. రోజూ సాయంత్రం నేను ఫైలు పంపుతూనే ఉన్నాను.

ప్రెస్సుకు ఇవ్వడానికి వారం ముందు ఎకానమీ కూడా అశోక్ నగర్‌లో వచ్చేసింది. అదే స్పైరల్, అదే నల్లటి అక్షరాలు.

ఇప్పుడు పంతులుగారు లేరు. మిగిలింది నేను.

మా ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. నా కుర్చీ వెనక ఇంకో కుర్చీ వేయించారు. అందులో మేడం కూర్చునేది. నా పెన్‌డ్రైవ్ తీసేసుకున్నారు. సాయంత్రం నేను లేచేసరికి మేడం తలుపు దగ్గర నిలబడి ఉండేది.

"ఏమనుకోకు, జర బ్యాగు చూపెట్టు."

చూపెట్టాను. చిల్లర పర్సు, బస్ పాసు, గొడుగు. టిఫిన్ డబ్బా కూడా మూత తీయించింది. అడుగున పప్పు ఎండి అంటుకుని ఉంది. పదో రోజో, పన్నెండో రోజో, ఆమె అడగకముందే నేనే మూత తీసి పట్టుకున్నాను. నాకు నా మీదే అసహ్యం వేసింది. పంతులుగారిని వాళ్ళు ఒక్కరోజులో పంపేశారు, నన్ను పంపలేదు. కంపోజింగ్ చేసేవాళ్ళు దొరకడం కష్టం గనక.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఇంట్లో గచ్చు మీద కూర్చుని ఆ దొంగ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. నేను తీయలేదని నాకైనా రుజువు కావాలనిపించింది. చూపుడు వేలు పెట్టి, పంతులుగారు చదివినట్టు, లైను తర్వాత లైను.

భూసంస్కరణల చాప్టర్‌లో, ఒక పేరా నడుమ, ఇట్లా ఉంది: "ఇక్కడ సార్‌ను అడగాలి."

నా మాటే అది. మా ఓనరు చేతిరాత అర్థం కాని చోట నేను అట్లా కొట్టుకుని వదిలేసి, మర్నాడు ఆయన్ని అడిగి, సరిచేసి, అప్పుడు ప్రింటు తీసేదాన్ని. అంటే ఆ మాట ఏ కాగితం మీదికీ ఎప్పుడూ ఎక్కలేదు. ఒక్క సాయంత్రం, ఒక్క ఫైలులో ఉంది. ఆ ఫైలు మెయిల్‌కు పంపాను.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు పోయి, మెట్ల మీద మేడం కోసం ఎదురుచూశాను. లోపలికి పోగానే స్టాకు కింద పడి ఉన్న మొదటి దొంగ పుస్తకాన్ని లాగి, అక్కడే నిలబడి వెతికాను. అందులో రెండు చోట్ల. ఒకటి "సార్‌ను అడగాలి". ఇంకోటి "ఈ సంవత్సరం 52నా 53నా?" పంతులుగారి చేతికి పోయిన కాగితాల్లో ఆ మాటలు లేవు. ఉండే వీలే లేదు. ఆ పుస్తకం ఆయన దగ్గర్నుంచి పోలేదు.

ఏడాది పాటు ఆ రుజువు మా స్టాకు కట్టల కింద పడి ఉంది. చదివి గుర్తుపట్టగలిగిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. నేను చదవలేదు.

మా ఓనరు రాగానే రెండు పుస్తకాలూ ముందు పెట్టి చూపించాను. ఆయనకు వేరేలా అర్థమైంది.

"అంటే నీ కంప్యూటర్ల నుంచే పోయింది అంటున్నవా?"

"మెయిల్ల నుంచి సార్."

"మెయిల్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా!"

"ఉంది సార్. అందరికి తెలుసు."

మేడం అప్పుడే చెల్లెలికి ఫోను చేసింది. ఆమె కాలేజీ అయిపోయాక వచ్చి, నా కుర్చీలో కూర్చుని మెయిల్ తెరిచింది. పేజీ కిందికి పోయి ఏదో నొక్కితే, ఆ మెయిల్‌ను ఎప్పుడెప్పుడు తెరిచారో ఒక జాబితా వచ్చింది. రెండేళ్ళుగా అది అక్కడే ఉందట. మేం ఒక్కసారీ చూడలేదు.

"నిన్న ఆఫీసు తెరిచిన్రా?"

"ఆదివారం ఎట్ల తెరుస్తం?" అంది మేడం.

"నిన్న పొద్దున పదింటికి ఎవరో తెరిచిన్రు. వేరే చోటు నుంచి." తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుంది. "పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో చెప్పున్రి."

మేం చెబుతూ పోయాం, ఆమె రాస్తూ పోయింది. పదకొండు పేర్లు. వాళ్ళలో నలుగురు మాతో పని మానేసి ఏడాది దాటింది. పంతులుగారి పేరు వాళ్ళలో లేదు. ఆయనకు మెయిల్ తెరవడం రాదు.

ఆమె కాగితం చూస్తూ అంది: "పెద్ద కంపెనీల ఫైలు పోతే ముందు కంప్యూటర్ చూస్తరు బావా. మీరు మనుషుల మొకాలు చూసిన్రు."

మా ఓనరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆమె చెప్పినట్టే చేశాం. పాస్‌వర్డ్ మార్చకుండా, "తప్పక వచ్చే బిట్లు" అని పదహారు పేజీల ఫైలు ఒకటి కొట్టి మెయిల్‌లో పెట్టాను. అందులో మూడు జవాబులు కావాలనే కల్పించి రాశాం. గురువారం పెట్టాం. మంగళవారం నేను అశోక్ నగర్ పోయాను. హాస్టళ్ళ నుంచి వచ్చిన పిల్లలు జిరాక్స్ షాపుల ముందు గుంపులుగా నిలబడి, క్లిప్పులకు వేలాడుతున్న మెటీరియల్ తిరగేస్తున్నారు. మూడు షాపుల్లో అడిగాను, లేదన్నారు. నాలుగో షాపులో ఎదురుగానే వేలాడుతోంది, మేం కల్పించిన మూడు జవాబులతో సహా.

కౌంటరు వెనక ఉన్నాయన నన్ను చూసి మొహం నిండా నవ్వాడు.

"అక్కా! బాగున్నవా? ఎన్ని రోజులైతుంది! చాయ్ చెప్పనా?"

నారాయణగూడ ప్రెస్సులో ఒకప్పటి ఆపరేటరు. నేను ఫోన్‌లో అంకెలు చదివి వినిపించిన మనిషి. 2010లోనే అక్కడ మానేసి సొంతంగా షాపు పెట్టుకున్నాడు.

"ఇది ఎక్కడిది అన్నా?" అని ఆ బిట్ల కట్ట చూపించాను.

అతను తడుముకోలేదు. "మీ మెయిల్ల ఉండె. తీసిన."

"దొంగతనం కాదా ఇది?"

"నేనేమన్న తాళం పగలగొట్టిన్నా? నువ్వే చెప్పినవు, రాసుకో అన్నవు. నేను ప్రెస్సు మానేసినంక కూడ మార్చలే. ఒక్కనాడు మార్చితే అయిపోతుండె." మిషన్‌లో కాగితాలు పెడుతూ మాట్లాడుతున్నాడు. "ఊర్ల నుంచి వచ్చిన పిల్లలు, మీ ధర పెట్టి కొంటరా? నాకూ ఇల్లు నడవాలె కదా అక్కా."

"దీని మీద పంతులుగారిని దొంగ అని తీసేసిన్రు. ఇప్పుడు ఆయనకు ఎవరూ పని ఇస్తలేరు."

అతని చెయ్యి ఆగింది. "ఆ పెద్దమనిషినా?" మిషన్ మూత వేశాడు. "నేను తీసేయమన్ననా?"

నాకు అతన్ని చెంప మీద కొట్టాలనిపించింది. కానీ అతను అన్నమాట నాకూ వర్తిస్తుంది. నేను మాత్రం తీసేయమన్నానా? ఊరికే ఒక మాట చెప్పాను, అంతే కదా.

మా ఓనరు మర్నాడు ఆ షాపుకు పోయి కేకలేసి వచ్చారు. పోలీస్ కేసు పెడదామంటే వద్దన్నారు. కేసు పెడితే మెయిల్ సంగతి బయటపడుతుంది, బుక్‌స్టాళ్ళ వాళ్ళ ముందు చులకనైపోతాం అన్నారు. పాస్‌వర్డ్ మార్చారు. పది రోజులకు వరంగల్ నుంచి ఫోను, మెయిల్ తెరుచుకోవడం లేదని. కొత్తది చెప్పేశారు. నెల తిరిగేసరికి ఎంతమందికి చెప్పారో నేను మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుగురు.

"పంతులుగారిని పిలుద్దాం సార్" అన్నాను.

"ఏ మొకం పెట్టుకొని పిలుస్తం? ఏడాది దాటింది. వదిలెయ్."

*

నేనే పోయాను. మార్కెట్ వెనక ఆయన పోర్షన్ కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆ ఇంటికి పోలేదని తలుపు కొట్టేటప్పుడు గుర్తొచ్చింది. ఆయన భార్య తీసింది. లావుపాటి కళ్ళద్దాలు. పంతులుగారు వెలుతురు వైపు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు.

అంతా చెప్పాను. మెయిల్, పదకొండు మంది, జిరాక్స్ షాపు. ఆయన పేపరు మడిచి తొడ మీద పెట్టుకుని విన్నారు.

"నేను కాదని నాకు ముందునుంచే ఎరుకే కదా బిడ్డా. నాకు చెప్పుడెందుకు? పోయి ప్రెస్సోళ్ళకు చెప్పు."

అక్కడితో లేచి రావచ్చు. వచ్చేస్తే ఆయన నన్ను ఇంకా బిడ్డా అనే పిలిచేవారు. కానీ లేవలేకపోయాను.

"కాయితాలు మీరు ఇంటికి తీస్కపోతరని సార్‌కు చెప్పింది నేనే. ఫారం లేటయిందని కూడ నేనే చెప్పిన."

ఆయన తల తిప్పి చూశారు. వంటగది గడపలో ఆయన భార్య నిలబడి ఉంది.

"ఆ రెండు రోజులు ఈమె కంటి ఆపరేషన్" అన్నారు చివరికి. "నీకు చెప్పే పోయిన్న."

చెప్పారు. "బిడ్డా, రెండు రోజులు రాను, సార్‌కు చెప్పు" అని మెట్ల దగ్గర నాతోనే చెప్పి పోయారు. మా ఓనరు అడిగిన రోజు ఆ సంగతి నాకు గుర్తుంది కూడా. మరిచిపోయానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, మరిచిపోలేదు.

ఆయన పేపరు మళ్ళీ తీశారు.

"చాయ్ తాగి పోండమ్మా" అన్నారు.

ఎనిమిదేళ్ళు నన్ను నువ్వు అన్న మనిషి. ఆ చాయ్ ఎట్లా తాగానో, ఎట్లా లేచి వచ్చానో తెలియదు.

తర్వాతి రెండు మూడు నెలలు, పని అయ్యాక, నారాయణగూడ, చిక్కడపల్లి ప్రెస్సులు ఒక్కొక్కటే తిరిగాను. తప్పు మాదని చెప్పాను. కొందరు "అట్లనా, పాపం" అన్నారు. కొందరికి ఆయన ఎవరో కూడా గుర్తులేదు. ఆయన పేరు చెడగొట్టడానికి ఒక వారం పట్టింది. బాగుచేద్దామంటే ఎవరికీ వినే తీరిక లేదు. ఒక ప్రెస్సు ఓనరైతే, "మీ మెయిల్ పాస్‌వర్డ్ మాకూ తెలుసమ్మా, మీ సారే చెప్పిండు" అని నవ్వాడు.

2013లో నేను ఆ ఉద్యోగం మానేసి, నారాయణగూడలోనే ఒక ప్రెస్సులో చేరాను. చేరే ముందే అక్కడి ఓనరుకు పంతులుగారి గురించి చెప్పాను. నిఘంటువు పని ఒకటి వచ్చి, మంచి ప్రూఫ్‌రీడరు కోసం ఆయన వెతుకుతున్నారు. సరే పిలవమన్నారు.

పంతులుగారు వచ్చారు. కానీ ఒక షరతు పెట్టారు. ఇచ్చేటప్పుడు కాగితాలు తన ముందు లెక్కపెట్టి ఇవ్వాలి. తెచ్చినప్పుడు తన ముందు లెక్కపెట్టి తీసుకోవాలి. రెండుసార్లూ పుస్తకంలో సంతకాలు కావాలి. ప్రెస్సు ఓనరు మొదటివారం ఓపిక పట్టారు. రెండోవారం నాతో అన్నారు:

"మంచిగనే దిద్దుతడమ్మా, కాని ఆయనతోని నా వల్ల కాదు. ఎన్నిసార్లని లెక్కపెట్టుకుంట కూసోవాలె?"

"నేను లెక్కపెడత సార్" అన్నాను.

2014 దాకా, ఆ పని అయిపోయేవరకు, బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి ఆయన వచ్చేవారు. ప్రెస్సు వరండాలో బల్లకు అటు ఆయన, ఇటు నేను. నేను ఒకసారి లెక్కపెట్టి అంకె చెప్పేదాన్ని. ఆయన వేలు తడి చేసుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవారు. రెండూ ఒకటైతే సంతకం చేసి, పుస్తకం నా వైపు తిప్పేవారు. నేను చేసేదాన్ని. ఆయన కట్ట సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని పోయేవారు.